గురువుగారి రెండో జత కర్రలు

మా కోలాటం గురువుగారు సోమవారం పోయారు. కబురు వినగానే నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. కొల్లేటి పోటీల్లో ఆయన్ని తప్పుపట్టి మా బృందాన్ని బయటికి పంపిన కమిటీవారు, అది తమ పొరపాటని ఒప్పుకోకుండానే ఆయన వెళ్లిపోయారు.

ఆయనది తాడేపల్లిగూడెం. పగలు రైసుమిల్లులో కాటా దగ్గర పని, సాయంత్రం ధాన్యం ఆరబోసే కళ్లంలో మాకు కోలాటం. సంచిలో ఎప్పుడూ రెండు జతల కర్రలుండేవి. ఒకటి తనకి. రెండోది, చూడ్డానికొచ్చి గోడవార నిలబడ్డవాళ్లకి. నాకూ అలాగే చేతిలో పెట్టారు. అప్పటికే నా తల నెరిసింది.

"ఈ వయసులో గెంతులేంటండీ, నవ్విపోతారు" అన్నాను.

"నవ్వనివ్వండి. పాపం, వాళ్ల చేతుల్లో కర్రల్లేవు కదా" అన్నారు.

తాళం తప్పినా కసిరేవారు కాదు. "మీ కర్ర చూసుకోకండి, ఎదుటివారి కర్ర చూడండి" అనేవారు. బస్సెక్కితే ముందు సీటు కమ్మీ మీద వేళ్లతో దరువు. కండక్టరు టిక్కెట్టు అడిగినా, ఆ దరువు ముగిశాకే జేబులో చెయ్యి పెట్టేవారు.

కొల్లేట్లో ప్రభుత్వం చేపల చెరువుల గట్లు కొట్టేసిన ఏడాది, అక్కడి ఊళ్లో పోటీ. ఆట మధ్యలో నా జోడీ మడమ మెలిపడి కూలబడ్డాడు. నా కర్ర గాలిని కొట్టింది. ఒక్కరు తగ్గితే అల్లిక మొత్తం చెడుతుంది. గురువుగారు జనంలో నిలబడ్డ ఒక పడవ నడిపే ఆయనకి రెండో జత అందించారు.

"నాకు రాదండీ బాబూ!"

"ఈయన కర్ర చూడండి, అదే వస్తుంది."

వచ్చింది. ఊరంతా ఈలలు. బయటివాణ్ణి దింపారని కమిటీ న్యాయనిర్ణేతలు మమ్మల్ని పోటీలోంచి తీసేశారు. నేను తగువుకి పోబోతే ఆయన చెయ్యి పట్టుకున్నారు. "ఆట ఆగలేదు కదండీ. పదండి, టీ తాగుదాం."

ఆయన ఊరుకున్నారు. నేను ఊరుకోను. ఇప్పుడు అదే కమిటీవారు ఏలూరులో ఆయన పేరు మీద పోటీలు పెడతారట. బృందంలో లేనివారు మధ్యలో అడుగుపెట్టకూడదన్న రూలు మాత్రం అలాగే ఉంచారట. అయ్యా, ఆ రూలైనా తీసెయ్యండి, ఆయన పేరైనా తీసెయ్యండి. రెండూ ఒక్క బ్యానరు మీద ఉంటే ఆ బ్యానరు కట్టనివ్వను.

పెద్దకర్మ వచ్చే గురువారం. ఆ సాయంత్రం మిల్లు కళ్లంలో కోలాటం వేస్తాం. ఎవరెవరి చేతుల్లోనో పడి నునుపెక్కిన ఆయన రెండో జత, గోడవార నిలబడేవారి కోసం నా చేతిలో ఉంటుంది. కమిటీవారూ రండి, మీకూ ఇస్తాను. కానీ తీసేసేది రూలునా, పేరునా? గురువారం ఆట మొదలయ్యేలోగా నాకు చెప్పాలి.