ఒక్కపొద్దు నాడు మానేసిన గోలీ

ఆ సోమవారం సాయంత్రం అత్తమ్మ దేవుని ముందు కూర్చుని, "రెండు దీపాలు ఎందుకు పెట్టినవ్ బిడ్డా?" అని అడిగింది. అక్కడున్నది ఒకటే దీపం.

ఆమె రక్తపోటుకు డాక్టరు రోజుకొక గోలీ రాసిచ్చి రెండు నెలలయింది. సీసా ఆమె చేతికిచ్చి నిశ్చింతగా ఉన్నాను. కాలేజీ చదువు చదివినదాన్ని, రోజూ మింగుతోందా అని ఒక్కసారీ అడగలేదు. ఇప్పుడడిగితే, సోమవారం రాజన్న దేవునికి, శనివారం వెంకన్నకు ఒక్కపొద్దు కాబట్టి ఆ రోజుల్లో గోలీ ముట్టలేదని చెప్పింది.

వెంటనే రిక్షాలో ఆసుపత్రికి తీసుకుపోయాను. డాక్టరు చేతికి పట్టీ చుట్టి చూసి ముఖం ముడుచుకున్నాడు.

"గోలీ ఎందుకు బంద్ జేసినవమ్మా?"

"కడుపుల ఏదన్న పడితే ఒక్కపొద్దు చెడదా?"

"పొద్దున చాయ తాగినవా?"

"చాయ తాగకుంటె తల నొస్తది గద."

"చాయకు చెడని ఒక్కపొద్దు గింత గోలీకి చెడుతదా?"

అత్తమ్మ నా వైపు చూసి, "గీయన రాజన్న తరఫు వకీలు తీరుగున్నడు" అని నవ్వింది. ఆ నవ్వుతో నాకు ఊపిరాడింది. సూది మందిచ్చి రెండు గంటలు పడుకోబెట్టాక పోటు దిగింది. సమయానికి వచ్చారని చెప్పి డాక్టరు ఇంటికి పంపాడు.

మర్నాడు పొద్దున పిల్లలిద్దరినీ దగ్గర కూర్చోబెట్టుకుని చెప్పాను. "బాపమ్మకు నయమైతది, భయపడకుండ్రి. కాని ఒక్కపొద్దు నాడు, పానం మంచిగున్న నాడు గూడ గోలీ ఏసుకోవాలె. నేను అడుగుడు మరిచిపోతే మీరు యాద్ చెయ్యుండ్రి."