పదికి ఆరు

ఫిల్మ్ నగర్‌లోని ఒక బడిలో టీచర్లకు ల్యాప్‌టాప్ నేర్పడం నా పని. తెలుగు మేడమ్ వార్షికోత్సవ నాటకాన్ని ఆన్‌లైన్ ఫైల్‌లో రాశారు. దాని లింకు టీచర్లకు పంపమని నేనంటే, ఆవిడ తల్లిదండ్రుల గ్రూపులో పడేశారు, అదీ ఎవరైనా మార్చగలిగేలా. మధ్యాహ్నానికల్లా, సినిమాలకు మాటలు రాసే ఒక తండ్రి సగం నాటకం తిరగరాసి పక్కన కామెంట్ పెట్టారు: "పంచ్ తగ్గిందండీ, సరిచేశాను."

నాకు ఒళ్లు మండింది. "పాత కాపీ వెనక్కి తెస్తాను మేడమ్" అన్నాను.

"ఆగు జర. దిద్దుడు నాకు రాదా ఏంది?"

నెల రోజులు నేర్పినా కామెంట్ పెట్టడం రాని ఆవిడ, ఆయన వాక్యాలకు ఎర్ర రంగు పూసి, కింద టకటకా కొట్టారు: "ఒత్తులు మరిచారు. పదికి ఆరు."

నిమిషంలో జవాబొచ్చింది: "మా అమ్మాయికి చెప్పకండి మేడమ్."