సగం చేసిన జారుడుబల్ల, కదలని కాళ్లు

ఆ పొద్దున ఇంటి ముందు టేకు నిచ్చెనకు ఐదో మెట్టు బిగిస్తున్నాను. మాది కాగజ్‌నగర్, నేను వడ్రంగిని. జారుడుబల్ల కావాలని ఏడాదిగా అడుగుతున్న నా ఇద్దరు బిడ్డలు రూతు, ఎస్తేరుల కోసం వేసవి సెలవుల్లో ఆ పని మొదలుపెట్టాను. మెట్టు గట్టితనం చూద్దామని ఎక్కబోతే కుడి పాదం లేవలేదు. ముందు రోజు నుంచే అరికాళ్లలో తిమ్మిరి ఉంది. పది రోజుల క్రితం విరేచనాలయ్యాయి, ఆ నీరసమే అనుకున్నాను.

"బాపూ, కాలు గట్ల ఈడుస్తున్నవేంది?" అంది పెద్దది రూతు.

"ఏం లేదు బిడ్డా, తిమ్మిరెక్కింది."

దగ్గర్లోని ఆర్‌ఎంపీ డాక్టరు కూడా నీరసమేనని బి కాంప్లెక్స్ ఇంజెక్షన్ చేసి పంపాడు. మర్నాటికి తిమ్మిరి మోకాళ్లు దాటింది. ఆ తర్వాతి రోజు స్క్రూడ్రైవర్ పట్టు నిలవలేదు, మంచం మీంచి లేవలేకపోయాను. నా భార్య సునంద బండి మాట్లాడి కరీంనగర్ తీసుకెళ్లింది.

న్యూరాలజిస్ట్ చిన్న సుత్తితో మోకాళ్ల మీద కొట్టి చూశాడు. నరాల పనితీరు చూసే నర్వ్ కండక్షన్ టెస్ట్, వెన్నులోంచి నీరు తీసే లంబార్ పంక్చర్ అయ్యాక చెప్పాడు: "గిలియన్ బారే సిండ్రోమ్, జీబీఎస్ అంటారు. ఆ విరేచనాల ఇన్ఫెక్షన్ తర్వాత మీ ఇమ్యూనిటీయే మీ నరాలను దెబ్బతీస్తోంది. ఊపిరి కండరాల దాకా పోతే వెంటిలేటర్ పెట్టాలి. ఇంకా ముందే రావాల్సింది."

"సార్, మల్ల చేతులు పనిజేస్తయా? గా చేతులే మా బతుకు" అంది సునంద.

"చాలామందికి చేస్తాయమ్మా. ఎప్పటికనేది చెప్పలేను."

ఐదు రోజులు ఐవీఐజీ అనే యాంటీబాడీల మందు సెలైన్‌లా ఎక్కించారు. ఊపిరి బలం తెలియడానికి, ఒక్క ఊపిరిలో ఎంత దాకా లెక్కపెట్టగలనో మాటిమాటికీ చూసేవారు. మొదటి రోజు ఇరవై దాకా వెళ్లాను. మూడో రోజు తొమ్మిది దగ్గర ఆగిపోయాను. సునంద మొహం తిప్పుకుంది. అయినా వెంటిలేటర్ దాకా పోలేదు. కాస్త కోలుకుని ఇంటికొచ్చిన పదో రోజున మళ్లీ కాళ్లు పడిపోయాయి. మళ్లీ అదే దారి, అవే సూదులు. ఈసారి భయం కూడా వేయలేదు, విసుగొచ్చింది.

రెండోసారి తిరిగొచ్చాక చెంచా పట్టలేకపోయేవాణ్ని. వాకిట్లో టార్పాలిన్ కింద ఆ జారుడుబల్ల కట్టె చూస్తే ఒళ్లు మండేది. "తీస్కపోయి పొయ్యిల పెట్టు" అన్నాను.

"నువ్వు కుర్చీల కూసోని చెప్పు, నేను జేస్త" అంది సునంద.

చెప్పాను. పక్క చెక్క పొట్టిగా కోసింది. అరిచాను. రంపం కింద పెట్టి లోపలికి పోయింది. కాసేపటికి చాయ్ తెచ్చి నా నోటికి అందించి, "మల్ల మొదటికెంచి చెప్పు" అంది. కొత్త చెక్క కోసి, జారే పలకకు మైకా అతికించి, అంచులు నున్నగా రుద్దింది. నెల పట్టింది.

మెట్లెక్కడం మొదలుపెట్టమని ఫిజియోథెరపిస్ట్ చెప్పాక ఒక పొద్దున ఆ ఐదు మెట్లూ ఎక్కాను, వెనక సునంద పట్టుకుని ఉండగా. పైకి చేరగానే కాళ్లు వణికాయి. వెనక్కి దిగలేను.

"దిగరాకపోతే జారు బాపూ!" అంది చిన్నది.

జారాను. పిల్లలు పడీ పడీ నవ్వారు. నాకూ నవ్వొచ్చింది. ఆ తర్వాత మధ్యాహ్నం దాకా మంచం మీంచి లేవలేదు.

ఇప్పటికి ఏడాదిన్నర. పొద్దున పూట మాత్రం పనిచేస్తాను, అదీ కూర్చునే. స్టూళ్లు, పీటలు చేస్తున్నాను. పెద్ద తలుపులు ఒప్పుకోవడం లేదు. ఎడమ పాదం ఇంకా పూర్తిగా లేవదు. లేస్తుందేమోనని రోజూ చూడటం మానేశాను.

చదివేవాళ్లకు ఒక్కటే చెబుతాను. తిమ్మిరి పాదాల నుంచి పైకి పాకుతూ, కాళ్లలో బలం తగ్గుతుంటే నీరసమని ఇంట్లో పడుకోకండి. ఎంత దూరమైనా సరే, అదే రోజు న్యూరాలజిస్ట్ ఉన్న ఆసుపత్రికి వెళ్లండి.