ఒత్తుల కోసం ఒక మహజరు

మొన్న మా ఊరి బడికి నడిచి వెళ్తుంటే, దారి పక్క జొన్నచేలో చిలకలను బెదరగొట్టడానికి పురికొసలకు వేలాడగట్టిన పాత సీడీలు గాలికి గిర్రున తిరుగుతూ ఎండను నా ముఖం మీదికి చిమ్మాయి. వాటిలో ఒకదాని మీద నీలి సిరాతో రాసిన పేరు వానలకు కరిగిపోయి, చివరి ‘క్స్’ మాత్రం మిగిలి ఉంది. ఆ మాట ఏమిటో నాకు ఇంకెవరూ చెప్పనక్కరలేదు. అది లైనక్స్. నేను ఎనిమిదో తరగతి చదివిన ఏడాది అంతా ఆ ఒక్క మాట చుట్టూ తిరిగింది.

గుంటూరుకు దక్షిణంగా, ప్రత్తిపాడు దాటాక, నల్లరేగడి మధ్య ఉంటుంది మా ఊరు. తొలకరి పడిందంటే ఆ మట్టి కాళ్ళకు బూట్లలా అంటుకునేది కనుక, బోరింగు దగ్గర కాళ్ళు కడుక్కుని, పావడా అంచుతో తుడుచుకుని, ఆపైనే కంప్యూటర్ల గదిలోకి వెళ్ళాలని నియమం ఉండేది. పువ్వుల దుప్పటి చింపి కుట్టిన గుడ్డలు కప్పుకుని ఐదు కంప్యూటర్లు కూర్చుని ఉండేవి. భాద్రపదంలో కిటికీలోంచి పత్తిచేల మందు వాసన వచ్చేది. మాఘ ఫాల్గుణాలలో కళ్లాల మీద ఎండే మిరపకాయల ఘాటు వచ్చి, ఒకరు తుమ్మితే వరుసంతా తుమ్మేది.

ఆ గదిని చూసుకునేవారు లెక్కల మాస్టారు కోటేశ్వరరావు గారు. ఎందుకు అన్న ప్రశ్నకు ఆయన ఎన్నడూ కసురుకోలేదు. ఒక రోజు చిన్న పరీక్షలో ఇద్దరు పక్కవాళ్ళ కాగితం చూసి రాస్తూ దొరికిపోతే, పరాయి కష్టాన్ని అడగకుండా తీసుకోవడం దొంగతనమేనని గంటసేపు చెప్పారు. అంతా విని నేను లేచి నిలబడ్డాను.

“సార్, మరి మన కంప్యూటర్లలో ఉన్న ప్రోగ్రాము కొన్నదేనాండి?”

మాస్టారు కళ్ళద్దాలు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు. “కాదమ్మా. ఎవరో వేసిచ్చిన కాపీ” అన్నారు.

మరుసటి వారం ఏదో పత్రికతో పాటు వచ్చిన సీడీ ఒకటి పట్టుకొచ్చి, ఐదు కంప్యూటర్లలోనూ పాతది తుడిచేసి లైనక్స్ ఎక్కించారు. దీన్ని ఎవరైనా వాడుకోవచ్చు, పంచుకోవచ్చు, విప్పి చూసి బాగుచేయవచ్చు, రాసినవాళ్ళే ఆ హక్కు రాసిచ్చారు అని చెప్పారు. ఊరికే ఎందుకిస్తారని అడిగాను. “మీ నాన్నమ్మ మిరప విత్తనం అడిగినవాళ్ళందరికీ ఎందుకిస్తుందో కనుక్కో” అన్నారాయన. మా నాన్నమ్మ ఏటా కళ్లంలో బాగా పండిన కాయలను ఏరి, విత్తనం తీసి, పాత చీర పేలికలో మూటకట్టి దాచేది. ఆ సాయంత్రం గోంగూర కాడలు తుంచుతున్న ఆవిడను అడిగితే, తల ఎత్తకుండానే, “నా దగ్గర పోయినా వాళ్ళ దగ్గరన్నా ఉంటదిగా!” అంది. తరువాతి కాలంలో వాదన పోటీలలో నేను ఎన్నో పెద్ద వాక్యాలు వాడాను. ఇంత దిట్టమైన వాక్యం ఇంకొకటి నాకు దొరకలేదు.

కంప్యూటరు మేలుకునేటప్పుడు నల్లని తెర మీద తెల్లని వరుసలు పరుగెత్తి, ప్రతి వరుస చివరా ఆకుపచ్చగా ‘ఓకే’ అని పడేది. మేమంతా దానితో గొంతు కలిపి “ఓకే, ఓకే” అని అరిచేవాళ్ళం. బంగాళదుంపకు కళ్ళూ ముక్కూ టోపీ అతికించే ఆట ఒకటి ఉండేది. ఆ దుంపకు మా సోషల్ మాస్టారి మీసాలు పెట్టడంలో నన్ను మించినవాళ్ళు లేరు.

చిక్కు పరీక్ష పేపర్లతో వచ్చింది. పాత ప్రోగ్రాముతో చక్కగా పడిన తెలుగు, ఇప్పుడు అచ్చులో ప్రతి వరుసా అడుగున కత్తిరించినట్టు పడింది. ఇంగ్లీషు అక్షరాల ఎత్తుకు సరిపడా చోటు మాత్రమే వదిలే, లైనక్స్‌తో వచ్చిన రాత ప్రోగ్రాముకు, మన అక్షరాల కింద ఒత్తులు వేలాడతాయని తెలియదు. మాస్టారు వారం రోజులు తంటాలు పడ్డా లాభం లేకపోయింది. హాజరు పట్టీ ఇవ్వడానికి టీచర్ల గదికి వెళ్ళిన నాకు, సోషల్ మాస్టారి గొంతు గుమ్మంలోనే వినబడింది.

“ఆ ప్రశ్న అడిగిన పిల్ల చేతే పేపర్లన్నీ రాయించండి మాస్టారూ, పీడా పోద్ది!”

అందరూ నవ్వారు. హెడ్మాస్టరు గారు మాత్రం నవ్వకుండా, “అర్ధసంవత్సర పరీక్షల్లోపు సరిగ్గా పడకపోతే పాతదే వేయించేస్తానండీ కోటేశ్వరరావు గారూ” అన్నారు. మాస్టారు “సరేనండి” అని తల వంచుకున్నారు. నా ప్రశ్నకు నిజాయితీగా జవాబు చెప్పినందుకు ఆయన తల వంచుకోవలసి వచ్చిందన్న బాధ నన్ను అన్నం కూడా సరిగా తిననివ్వలేదు.

ఆ ప్రోగ్రాము తయారుచేసేవాళ్ళకు ఎవరైనా లోపం రాసి పంపవచ్చని మాస్టారు చెప్పారు. లోపం చెప్పడానికి మా ఊళ్ళో మాకు తెలిసిన పద్ధతి ఒక్కటే. కాలువ నీళ్ళు రాకపోతే పెద్దలు ఊరందరి సంతకాలతో మహజరు పెట్టేవారు. మేమూ అదే పెట్టాం. ‘గౌరవనీయులైన తయారీదారు గారికి’ అని మొదలుపెట్టి, ‘ద్వారా: ప్రధానోపాధ్యాయులు’ అని చేర్చి, కింద తరగతి మొత్తం సంతకాలు చేశాం. అవి చాలవనిపించి కాగితం ఇంటికి తీసుకెళ్ళాను.

“ఎవరి మీదే అర్జీ?” అంది నాన్నమ్మ.

“కంప్యూటర్లో ఒత్తులు తెగిపోతున్నాయని. నీకు చదువు రాదుగా, ఎట్టా తెలుస్తది?”

“చదువు రాకపోతే మాత్రం తెగింది తెగినట్టు కనపడదటే? ఏదీ, ఆ సిరా ఇటు తే!” అని బొటనవేలు ముద్ర వేసింది. హెడ్మాస్టరు గారు, “ఏ దేశంలో ఉన్నాడో ఏమో, ఆయనకి నా ముద్ర కావాలా?” అని నవ్వుతూనే గుండ్రటి ముద్ర కొట్టారు. మాస్టారు దాన్ని గుంటూరు తీసుకెళ్ళి, ఒక ఇంటర్నెట్ సెంటర్లో ఫొటో తీయించి, ఇంగ్లీషులో నాలుగు ముక్కలూ, సంతకాలు చేసినవాళ్ళ పేర్లూ జోడించి పంపారు.

దసరా వెళ్ళింది. అట్లతద్దికి గోరింటాకు పెట్టుకుని, తెల్లవారుజామున గోంగూర పచ్చడీ పెరుగూ కలిపిన చద్దన్నం తిని, ఉయ్యాలలూగి బడికి వెళ్ళిన రోజున మాస్టారు జవాబు చదివి వినిపించారు. ఇన్ని సంతకాలు అక్కరలేదని, ఒక్కరు చెప్పినా చూసేవాడినేనని, తనకు తెలుగు రాదు గనుక అక్షరాల కింద ఎంత చోటు కావాలో మమ్మల్నే కొలిచి చెప్పమని ఆ మనిషి రాశాడు. మీ నాన్న ఎవరు, ఎవరి తాలూకు అన్న మాటే అందులో లేదు. మా ఊరి అర్జీలకు అంతవరకూ ఎవరూ ప్రశ్నతో బదులిచ్చి ఎరుగరు.

గ్రాఫు కాగితాలు పరుచుకుని, అన్నిటికన్నా కిందికి దిగే మాట కోసం పోటీ పడ్డాం. “రాష్ట్రం కంటే లోతు ఏముంటదిరా!” అని శ్రీను బల్ల చరిచాడు. పత్తి తీతకు వెళ్ళి జుట్టులో దూది పింజలతోనే బడికి వచ్చిన జ్యోత్స్న, వెనక బెంచీలోంచి, “నా పేరు రాసి చూడండి” అంది. హాజరు పట్టీలో ఆమె పేరు ఎప్పుడూ కింది గడిని తొక్కేది. కొలిచాం. అర గడి తేడాతో రాష్ట్రం ఓడిపోయింది.

అర్ధసంవత్సర పరీక్షలకు వారం ముందు, మేం పంపిన ఆ కొలతతో దిద్దిన కొత్త ప్రోగ్రాము వచ్చింది. ప్రింటరు కర్రుకర్రుమంటూ కాగితాన్ని బయటికి నెడుతుంటే, మాస్టారి వేళ్ళు బల్ల అంచును గట్టిగా పట్టుకుని ఉండడం చూశాను. హెడ్మాస్టరు గారు కాగితం అందుకుని, ప్రతి వరుస కిందా వేలితో తడుముతూ చివరిదాకా వెళ్ళి, “పడ్డాయండీ!” అన్నారు. మర్నాడు సోషల్ మాస్టారు నా దగ్గరికే వచ్చి, “మా ఆరో తరగతి పేపరు కూడా కొట్టి పెట్టమ్మా” అన్నారు. కొట్టి పెట్టాను, ఒక్క తప్పు లేకుండా. ఆ ప్రోగ్రాముతో వచ్చిన కృతజ్ఞతల జాబితాలో మహజరులోని పేర్లన్నీ వరుసగా ఉన్నాయి. నాన్నమ్మకు చెబితే, “నా ఏలిముద్ర కూడా ఏశారా?” అని అడిగింది.

మొన్న నేను వెళ్ళింది ఆ బడిలోనే వక్తృత్వ పోటీకి న్యాయనిర్ణేతగా. కంప్యూటర్ల గదిలో ఇప్పుడు మధ్యాహ్న భోజనపు బియ్యం బస్తాలున్నాయి. మాస్టారు రిటైరై కనిగిరి వైపు సొంతూరు వెళ్ళిపోయారు. నాన్నమ్మ లేదు, మిరప విత్తనాన్ని ఇంట్లో దాచేవాళ్ళూ తక్కువ. మా కొలతతో ఆ తయారీదారు ప్రోగ్రాములో రాసిన నాలుగు వరుసలను కూడా తరువాత ఎవరెవరో విప్పి, ఇంకా మెరుగ్గా తిరగరాశారు. ఆ హక్కు వాళ్ళకుంది. నాకు చింత లేదు. పోటీ అయ్యాక ఎనిమిదో తరగతి పిల్లలకు ఈ కథ చెప్పాను. అంతా విని, ముందు వరుసలోని ఒక పిల్ల లేచి నిలబడింది.

“అక్కా, ఒత్తులు తెగడమంటే ఏంటి?”

ఎంత చెప్పినా ఆ పిల్లకు అర్థం కాలేదు. అలాంటి అచ్చును తను ఒక్కసారైనా చూసి ఉండలేదు.