గడ్డం గీసుకోదగిన ఫ్రేము

మూలపేటలో ఓడరేవు పనులు మొదలైన ఏడాది, ఎండలు ముదరకముందే నన్ను మోటారు వాహనాల తనిఖీ అధికారిగా పలాస వైపు వేశారు. జనం మమ్మల్ని బ్రేకు ఇన్‌స్పెక్టర్లంటారు. బ్రేకులతో పాటు తక్కిన బండిని కూడా చూస్తామని మొదట్లో సరిదిద్దేవాణ్ణి, తర్వాత మానేశాను. పదవీ విరమణకు ఏడాది పైచిలుకు మిగిలింది.

చేరిన వారానికే ఒక పాత జీపు రిజిస్ట్రేషన్ పునరుద్ధరణకు వచ్చింది. యజమాని దండాసి, ఉద్దానంలో సముద్రానికి దగ్గర ఊరివాడు. తిత్లీ తుఫానుకు అతని కొబ్బరి, జీడి తోట నేలమట్టమైంది. అప్పటి నుంచి ఇతరుల తోటల్లోని జీడిపిక్కలు పలాసకు చేరవేయడమే అతని బతుకుతెరువు. ఆ ఇసుక దారుల్లో ఆటోలు కూరుకుపోతాయి. నాలుగు చక్రాలూ లాగే జీపు ఒక్కటే నడుస్తుంది.

ఇలాంటి బండికి మేం ముందు ఫ్రేము చూస్తాం. బాడీనీ ఇంజన్నూ మోసే రెండు పొడుగాటి ఇనుప దూలాలవి. చిన్న సుత్తితో తడుతూ పోతే మంచి ఇనుము ఖంగుమంటుంది, తుప్పు తిన్నది దబ్బుమంటుంది. దండాసి జీపు ఏ చప్పుడూ చెయ్యలేదు. సుత్తి లోపలికి వెళ్లింది. పుచ్చిన భాగం కోసి కొత్త రేకు వెల్డింగు చేయమనీ, బాడీ తిరిగి ఎక్కించే ముందు నాకు చూపించమనీ రాసిచ్చాను.

"తుప్పు ఎంతవరకు గీకాల బాబూ?" అని అడిగాడు.

"అందులో చూసుకుని నేను గడ్డం గీసుకోవాలి" అన్నాను.

వెనక నిలబడ్డ లారీ డ్రైవర్లు నవ్వారు. దండాసి నవ్వలేదు. దాన్ని నేనప్పుడు పట్టించుకోలేదు.

నెల తర్వాత మూలపేట టిప్పర్ల తనిఖీ ముగించుకుని, కాస్త చుట్టుదారైనా అతని ఇంటికి వెళ్లాను. పెరట్లో కొబ్బరి దుంగల మీద ఫ్రేము నిలబెట్టి ఉంది. బాడీ పనసచెట్టు కింద బోర్లించి ఉంది. వెల్డింగు నిజంగా బాగుంది. మిగతా ఇనుమంతా, సుమ్మాదేవిలో బావమరిది దగ్గర తెచ్చిన గ్రైండరు పుణ్యమా అని, ఎండలో కళ్లు చెదిరేలా మెరుస్తోంది.

అతని భార్య సావిత్రి మంచినీళ్లిచ్చింది. "నెల్లాళ్లై ఆ ఇనపముక్కే తోముతన్నాడు బాబూ. ఇంట్లో ఓ సెంబు తోమమంటే మాత్రం నడుం పట్టేత్తాది."

"మీరు సెప్పినట్టే సేసినాను బాబూ. ఒకపాలి సూసుకోండి" అన్నాడు దండాసి.

వంగి చూసుకున్నాను. మొహం కనిపించింది. ఛాసిస్ నంబరు కనిపించలేదు.

ఆ నంబరు కుడివైపు దూలం ముందు కొసన ఉక్కు అచ్చులతో ఇనుములోకి దిగ్గొట్టి ఉంటుంది. బండి కాగితాలన్నీ దానితోనే ముడిపడి ఉంటాయి. నంబరు లేని బండి చట్టం దృష్టిలో ఇనుము. నంబరు అరగదీసిన బండి దొంగ ఇనుము. దొంగ జీపుకు ఎవరైనా మొదట చేసే పని, దండాసి నెల్లాళ్లు కష్టపడి చేశాడు.

మాకు పెన్సిల్ ప్రింటు అని ఒక పద్ధతుంది. నంబరు మీద పల్చటి కాగితం పెట్టి పెన్సిలుతో రుద్దితే అంకెలు కాగితం మీదికొస్తాయి. చాప పరిపించుకుని దూలం పక్కన బోర్లా పడుకున్నాను. మొదటి కాగితం నల్లబడింది, అంతే. కిరసనాయిలుతో తుడిచి రెండోది రుద్దాను. అదీ అంతే. నంబరు చెరిగిపోయిందని దండాసికి చెప్పాను.

"నాకు కేసవుద్దా బాబూ?" అన్నాడు దండాసి.

నాకూ అవుతుందేమోనని అప్పుడే తట్టింది.

మూడో కాగితం మీద, గ్రైండరు బిళ్ల దూరని బ్రాకెట్టు పక్కన, చివరి మూడంకెలు వచ్చాయి. రిజిస్ట్రేషన్ పత్రంతో సరిపోయాయి. ఇంజను నంబరూ సరిపోయింది. కొత్తగా నంబరు అచ్చు కొట్టడానికి పైఅధికారి అనుమతి అడగవచ్చు. అయితే నివేదికలో ఒక గడి ఉంటుంది: నంబరు చెరిగిపోవడానికి కారణం.

ఆ గడి దగ్గర రెండు రోజులు ఆగాను. 'యజమాని అజాగ్రత్త' అని రాస్తే నా పింఛను క్షేమం, దండాసి పోలీసుస్టేషను చుట్టూ తిరుగుతాడు. 'తుప్పు' అని రాస్తే ఇద్దరం క్షేమమే, కానీ తుప్పు అంత నున్నగా గీకదని ఏ గుమస్తాకైనా తెలుసు. మూడో రోజు, ఫ్రేములో గడ్డం గీసుకునేంత నునుపు ఉండాలని ఈ అధికారి మౌఖికంగా చెప్పినందున యజమాని అట్లు చేసెనని రాసి పంపాను.

పది రోజులకు పైఅధికారి నుంచి మెమో వచ్చింది. 'ఏ నిబంధన ప్రకారం గడ్డము గీసుకొనదలచితిరో వారం దినములలో తెలుపవలెను.' నా సర్వీసులో నేను చదివిన అతి చక్కని వాక్యం అది. అప్పుడు మాత్రం అన్నం సయించలేదు. అలాంటి నిబంధన లేదని జవాబిచ్చాను. సర్వీసు పుస్తకంలో ఒక మందలింపు చేరింది.

దొంగతనం ఫిర్యాదేదీ లేదని పోలీసుల కాగితం రావాలి, మొదటి రిజిస్ట్రేషన్ నాటి పెన్సిల్ ప్రింటు పాత ఫైలులో దొరకాలి. రెండూ అయ్యేసరికి జీడిపిక్కల కాలం దాటిపోయింది. అన్నాళ్లూ దండాసి ఇతరుల లారీల మీద బస్తాలు మోశాడు. నా సమక్షంలో ఒక్కో అంకె అచ్చు కొడుతున్నప్పుడు అతను తప్పు పడకుండా పైకి లెక్కపెట్టాడు. నేనూ లోపల లెక్కపెట్టాను.

రిజిస్ట్రేషన్ కాగితం చేతిలో పడ్డాక సావిత్రి అంది: "ఈపాలి నవ్వులాటకి అంటే ఆ ముక్క ముందే సెప్పీండి బాబూ. మేమూ నవ్వుతాం."

బతుకు ఎవరి సంతకం మీద ఆధారపడి ఉందో, ఆ మనిషి మాటలో హాస్యమెంతో వెతికే తీరిక వినేవాడికి ఉండదు. అతనికి వినబడేది ఉత్తర్వు. మిగిలిన సర్వీసులో తుప్పు గురించి నేను చెప్పదలచిందంతా కాగితం మీదే రాసిచ్చాను: ఎక్కడ గీకాలి, ఎక్కడ గీకకూడదు.