పక్కకు జారిన మోకాలి చిప్ప

మా అమ్మాయి పదో తరగతి చదువుతున్నప్పుడు స్నానాల గదిలోకి వెళ్లి గడియ వేసుకుంటే అరగంటకు గానీ బయటికి వచ్చేది కాదు. లోపల ఫోనులో ఎవరితోనో మాట్లాడుతోందని నా అనుమానం. ఒకరోజు తలుపుకు చెవి ఆనించాను. మాటలేవీ లేవు. పళ్లు బిగబట్టి మూలిగినట్టు చిన్న చప్పుడు.

తను జిల్లా ఖోఖో జట్టులో ఆడేది. కుంటుతున్నావేమని అడిగితే, "ఏం ల్యా మా, చెప్పు కరిసింది" అనేది. వాళ్ల పీటీ సారును అడిగితే, "ఆడే పిల్లోల్లకి మామూలేనమ్మా" అన్నాడు. ఆయన మాటా నమ్మబుద్ధి కాలేదు.

ఒక ఆదివారం పుత్తూరులో మా ఇంటి మెట్టు దిగుతూ పిల్ల కూలబడింది. మోకాలి చిప్ప పక్కకు జరిగిపోయి ఉంది. నేను కేకపెట్టేలోపే అరచేత్తో దాన్ని లోపలికి నెట్టుకుని, కాలు చాపేసింది. అలవాటైన చెయ్యి అది.

"ఎన్నోసారే ఇది?"

"ఐదోసారి. సెప్తే ఆడనీవని సెప్పలా."

తిరుపతిలో ఒక డాక్టరు ఎక్స్‌రే ఇలా చూసి అలా పక్కన పెట్టాడు. ఎముక కోసి సరిచేయాలి, రేపే చేర్చండి అన్నాడు.

"పిల్లకు పదిహేనేళ్లే కదా సార్. ఎముక ఇంకా ఎదగదా?"

"అవన్నీ మేం చూసుకుంటాం."

ఆ తొందర నాకు నచ్చలేదు. "డాక్టరు కన్నా నీకే ఎక్కువ తెల్సునా?" అని మా ఆయన విసుక్కున్నా వినకుండా, పిల్లను చిత్తూరులో ఒక డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాను. ఆమె స్కానింగు తీయించి, ఎముక చివర సన్నటి గీత చూపించింది. "ఎముక పెరిగేది ఇక్కడే. ఇప్పుడు ఇక్కడ కోస్తే కాలు వంకరపోవచ్చు. చిప్పను లోపలివైపు పట్టి ఉంచే లిగమెంట్ తెగింది. తొడ వెనక నుంచి ఒక నరం లాంటిది తీసి, దాని బదులు కడతాం."

ఇంత చిన్న ఆపరేషనైతే తిరుపతిలో అంత పెద్దది ఎందుకు చెప్పారు? ఈమె ఏమైనా దాస్తోందా? అడిగిందే మళ్లీ మళ్లీ అడిగాను. ఆమె విసుక్కోకుండా మూడుసార్లు చెప్పింది. అప్పుడు సంతకం పెట్టాను.

ఆపరేషన్ తర్వాత నెలల తరబడి వ్యాయామాలు. నేను పక్కనే కూర్చుని పిల్ల మొహమే చూసేదాన్ని.

"ఇంగా నమ్మవా మా?"

"నిన్ను నమ్మే గదా నాలుగుసార్లు మోసపోయినా."

తొమ్మిదో నెలలో డాక్టరమ్మ ఆడుకోమంది. మొదటివారం నేనూ గ్రౌండుకు వెళ్లాను. బాగానే పరుగెత్తుతున్న పిల్ల ఉన్నట్టుండి ఆగి, తనంతట తనే గీత దాటి బయటికి వచ్చింది. "తొడ పట్టేసినాది సార్, ఈ పొద్దుకి సాలు" అంది.

నేను నమ్మలేదు. మరుసటి రోజే చిత్తూరు బస్సెక్కించాను. డాక్టరమ్మ కాలంతా నొక్కి చూసి నవ్వింది. నిజంగానే తొడ పట్టేసింది, అంతే.