ఎడమ దిక్కు కూడా మోగాలె

గోదావరిఖనిలో ఒక గని ల్యాంప్ రూములో పనిచేసేదాన్ని. బాపు ఆరోగ్యం చెడి, ఇక గనిలోకి దిగలేడని డాక్టర్లు తేల్చాక ఆయన ఉద్యోగం నాకు వచ్చింది. షిఫ్టుకు దిగేవాళ్లకు టోపీ దీపాలు ఇవ్వడం, పైకొచ్చాక తీసుకుని చార్జింగ్‌కు పెట్టడం, వైరు తెగితే అతకడం నా పని. సోల్డరింగ్ చెయ్యడం అక్కడే నేర్చుకున్నాను.

ఒక ఎండాకాలం కూలర్ పంపు కోసం పాత ఇనుప సామాన్ల దుకాణానికి వెళ్లి, పంపు సంగతి మరచిపోయాను. వెండి రంగు ముఖం, చెక్క తొడుగు, అరచేతి నిండుగా వచ్చే గుండ్రటి నాబ్. రేడియో, యాంప్లిఫయర్ ఒకే పెట్టెలో ఉండే స్టీరియో రిసీవర్ అది. క్వార్టర్ ఖాళీ చేస్తూ ఎవరో ఆఫీసరు తూకానికి వేసిపోయాడట. నాబ్ తిప్పితే లోపల స్టేషన్లు చూపే ముల్లు మెత్తగా జరిగింది. ఇనుము ధరకే ఇచ్చారు. ఆటోలో ఒళ్లో పెట్టుకుని తెచ్చేసరికి తొడలు తిమ్మిరెక్కాయి.

ఇంటికొచ్చి ప్లగ్గు పెట్టగానే ఫ్యూజు పోయింది. మార్చాను. మళ్లీ పోయింది.

లక్ష్మీనగర్‌లో టీవీలు బాగుచేసే పెద్దాయన దగ్గరికి మోసుకుపోయాను. ఆయన్ని అందరూ చాచా అనేవాళ్లు. మూత తీసి వాసన చూశాడు.

"ఎడమ దిక్కు షార్టయింది బేటీ. గీ పార్టులు ఇప్పుడు దొరకయ్. ఆ దిక్కు కట్ చేసి ఇస్త, కుడి దిక్కు మంచిగ మోగుతది. ఫికర్ చెయ్యకు."

"వద్దు చాచా. రెండు దిక్కులూ మోగాలె. ఎట్ల చెయ్యాల్నో చెప్పు, నేనే చేసుకుంట."

ఆయన నవ్వాడు. కానీ చెప్పాడు. "ప్లగ్గు గుంజినంక గూడ లోపల పెద్ద కెపాసిటర్లల్ల కరెంటు ఉంటది, అది దిగేదాక చెయ్యి పెట్టకు. కరెంటు వచ్చే వైరుకు నడుమ ఒక బల్బు కట్టు. అది నిండుగ వెలిగిందనుకో, లోపల షార్టు ఇంక ఉన్నట్టే. ఒక్కపారి మెరిసి మందమయిందా, నువ్వు గెల్సినట్టు."

ఆ వానాకాలం చివర తెలంగాణ కోసం సమ్మె మొదలైంది. డ్యూటీ లేదు, జీతం లేదు. పొద్దున అందరితో పాటు ధర్నాలో కూర్చుని వచ్చి, మధ్యాహ్నం రిసీవర్ ముందు కూర్చునేదాన్ని. ఏ వైరు ఎక్కడిదో క్యాలెండర్ వెనక బొమ్మ గీసుకున్నాను. పెళ్లిళ్లకు మైక్ సెట్లు కిరాయికిచ్చే అన్నను అడిగితే మూలకు పడేసిన యాంప్లిఫయర్ ఒకటి ఇచ్చాడు. దాని ట్రాన్సిస్టర్లు సరిపోతాయని చాచా నంబర్లు చూసి చెప్పాడు. ఒకటి నేనే వేడి ఎక్కువ పెట్టి చెడగొట్టాను. మిగిలినవాటిలో రెండు జాగ్రత్తగా బిగించి స్విచ్చు వేశాను. బల్బు భగ్గున వెలిగింది. మళ్లీ విప్పి బిగించాను. మళ్లీ అంతే.

బాపు మంచం మీద నుంచి చూస్తూనే ఉన్నాడు. ఏళ్లకేళ్లు డ్రిల్లు మోత పక్కన పనిచేసి ఆయన ఎడమ చెవి పూర్తిగా పోయింది.

"గీ డబ్బా కోసం ఎందుకు బిడ్డా గింత తండ్లాట? ఒక్క దిక్కు మోగితే సాలదా? నాకైతే ఒక్క చెవే ఉన్నది."

"నాకు రెండున్నయి గద బాపూ," అన్నాను గట్టిగా, ఆయన కుడివైపు వంగి.

మూడోసారి విప్పినప్పుడు కనబడింది. ట్రాన్సిస్టర్ వీపు, వెనక వేడి లాగే అల్యూమినియం దిమ్మెకు తగలకుండా మధ్యలో పలచటి అభ్రకం రేకు ఉంటుంది. దాన్ని కిటికీ వెలుగుకు పట్టి చూస్తే వెంట్రుకంత పగులు, షార్టు అక్కడి నుంచే. తప్పు దొరికిన సంతోషం ఎంతోసేపు నిలవలేదు. అలాంటి రేకు ఊళ్లో ఏ దుకాణంలోనూ లేదు. రెండ్రోజులు తిరిగాక, అటక మీద పడున్న పాత ఇస్త్రీ పెట్టె గుర్తొచ్చింది. దాని కాయిల్ చుట్టి ఉండేది అభ్రకం మీదే. విప్పి, బ్లేడుతో పలచగా పొర చీల్చి, కత్తెరతో కొలతకు కత్తిరించాను.

ఈసారి బల్బు మెరిసి, మెల్లగా మందగించింది. భయంతో కాసేపు స్విచ్చు మీద నుంచి చెయ్యి తియ్యలేదు.

మైక్ సెట్ల అన్న దగ్గర అడిగి తెచ్చిన రెండు స్పీకర్లు కలిపి, వాక్‌మన్‌లో క్యాసెట్ పెట్టి రిసీవర్‌కు తగిలించాను. కుడివైపు నుంచి గొంతు వచ్చింది, ఎడమవైపు నుంచి డప్పు. బాపు లేచి వచ్చి ఎడమ స్పీకర్ మీద అరచెయ్యి ఆనించాడు. డప్పు దెబ్బకు ఆయన వేళ్లు కదలడం మొదలైంది. పాట అయిపోయేదాకా చెయ్యి తియ్యలేదు.

సమ్మె ముగిసి డ్యూటీలకు ఎక్కాక ఒక ఆదివారం చాచా ఇంటికొచ్చి విన్నాడు. "అభ్రకం ఎక్కడ దొరికింది?" అని అడిగాడు. ఇస్త్రీ పెట్టె చూపించాను. మిగిలిన ముక్కలు కాగితంలో చుట్టుకుని జేబులో పెట్టుకున్నాడు.

వారం తర్వాత ఆటోలో ఒక మూట దింపించాడు. అందులో ఇంకో రిసీవర్, ముల్లును జరిపే దారం తెగిపోయింది. వెంటనే ఫోన్ చేశాడు.

"నాతోని కాలె బేటీ. ఏండ్ల సంది దుకాణంల పడున్నది. నువ్వు సూడు."

ఆ సాయంత్రమే దాని మూత మరలు విప్పాను.